ఆరో అచ్చు

పొద్దున ఏడింటికి పనిగది తలుపు తెరిచి, అలవాటు ప్రకారం అలమరలోంచి ఇత్తడి అచ్చులు బయటికి తీశాడు పెద్దాయన. పిండిముద్ద వాటి కన్నాల్లోంచి దూరితేనే పాస్తాకి ఒక రూపం వస్తుంది. ఒక అచ్చుకి సన్న గొట్టాలు, ఒకదానికి రిబ్బన్లు, మరోదానికి గవ్వలు. ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గరున్నవి ఐదే. ఆ రోజు ఆరున్నాయి.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే. ఆరోది కొత్తది, తళతళలాడుతోంది. గొట్టాల అచ్చులాగే ఉంది కానీ సందు మరీ వెడల్పు. ఇందులోంచి వచ్చే గొట్టం గోడ ఎంత మందంగా ఉంటుందో ఆయనకి చూడగానే తెలిసిపోయింది. అంత మందం ఎందుకో మాత్రం తెలియలేదు.

అచ్చు చేత్తో పట్టుకునే వంటింట్లోకి వెళ్లాడు. భార్య ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇదెక్కడిదే?"

ఆవిడ తలెత్తలేదు. "అమ్మాయినడగండి."

ముందుగదిలో కంప్యూటర్ దగ్గరున్న కూతురు అచ్చు చూడగానే కుర్చీలో సర్దుకు కూర్చుంది. "అమ్మనడుగు నాన్నా."

మళ్లీ వంటిల్లు. మళ్లీ ముందుగది. మూడోసారికి ఆయనకి ఒళ్లు మండింది. "నేనేమన్నా బంతినా, ఆవిడ నీ మీదికి, నువ్వు ఆవిడ మీదికి విసరడానికి? దొంగతనం చేసినట్టు ఆ మొహాలేంటి?"

దాచి లాభం లేదని కూతురికి అర్థమైంది. కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది.

సంగతి ఇది. మూడు నెలల కిందట వేరే దేశపు వ్యాపారస్తురాలొకావిడకి కూతురు తమ పాస్తా నమూనాలు పంపింది. పదేళ్ల కిందట ఆ దేశంలో పాస్తా అంటే ఏమిటని అడిగేవాళ్లు. ఇప్పుడు వీధి చివర కొట్లో కూడా దొరుకుతోంది, అమ్మకం ఏటేటా పెరుగుతోంది. ఇక్కడేమో పాత కొట్లు ఒక్కొక్కటే మూతపడి, వీళ్ల మిషను వారానికి మూడు రోజులే తిరుగుతోంది. ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు మధ్యాహ్నానికే ఇంటికి పోతున్నారు. ఈ బేరం కుదిరితే వారమంతా పనే.

"మంచిదేగా! మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆవిడ జవాబు చదువు, నీకే తెలుస్తుంది."

పెద్దాయన వంగి చదివాడు. 'రుచి చాలా బాగుంది. కానీ మా వాళ్లు ఇరవై నిమిషాలు ఉడికిస్తారు. అంతసేపటికి మీ గొట్టాలు విడిపోతున్నాయి. ఇరవై నిమిషాలు తట్టుకునేది చేయగలరా? ప్యాకెట్ మీద కూడా అలాగే రాయాలి.'

ఆయనకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తమ ప్యాకెట్ మీద ఎర్రక్షరాలతో తొమ్మిది నిమిషాలు ఉడికించమని ఉంది. ఒక్క నిమిషం మించొద్దని కూడా ఉంది. ఊళ్లో ఆయన్ని తొమ్మిది నిమిషాల పెద్దాయనంటారు, ఎదురుగా కూడా.

"ఇరవై నిమిషాలా? పాస్తా చేస్తారా, జిగురు చేస్తారా? వాళ్లకి తినడం రాకపోతే నేర్పించు. నా పాస్తా మార్చమంటావేంటి?"

"వాళ్లిల్లు, వాళ్ల గిన్నె నాన్నా! కొనేది వాళ్లు, ఉడికించేది వాళ్లు, తినేది వాళ్లు. మధ్యలో మన పంతమేంటి?"

"పంతం కాదే, పద్ధతి! అది మెత్తగా చేసుకుని తినేవాళ్లుంటారా అసలు? ఎవరు తింటారలాంటిది?"

"మీ అమ్మ తినేది."

వంటింటి గుమ్మంలోంచి వచ్చింది ఆ మాట. భార్య చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఉల్లిపాయల ఘాటుకో మరెందుకో, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మా?" ఆయన కూతురి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "అమ్మ నాతో పాటే తినేదిగా?"

"మీ ముందు ప్లేటు పెట్టుకుని కూర్చునేది. అంతే. పళ్లన్నీ పోయాక ఆ తొమ్మిది నిమిషాల గొట్టాలు ఎలా నమిలేదనుకున్నారు? మీరు పనిగదికి వెళ్లాక నేను వేరే గిన్నెలో ఇరవై నిమిషాలు ఉడికించి పెట్టేదాన్ని. అత్తయ్య పోయేదాకా, నాలుగేళ్లు. మంచి గొట్టాలు విడిపోయేవి. మిషను మొదలుపెట్టగానే మందంగా వస్తాయని మీరు పక్కన పారేస్తారే, ఆ ముక్కలు ఏరి తెచ్చేదాన్ని. అవి నిలిచేవి. ఈ ఉత్తరం చూశాక ఆ సంగతే అమ్మాయికి చెప్పాను. ఆ మందానికే అచ్చు చేయించింది."

ఎవరి మీద కోప్పడాలో పెద్దాయనకి తెలియలేదు. తన చేతికి పిండి కలపడం నేర్పిన మనిషి, తన బల్ల దగ్గరే, తను చేసింది తినలేక కూర్చుంది. ఆయన ఎదురుగానే ఉన్నాడు. "ఏమ్మా, తినవే?" అని అడిగిన గుర్తు కూడా లేదు.

"నాకెందుకు చెప్పలేదు? అమ్మ నన్నంత మూర్ఖుణ్ణనుకుందా?"

"అత్తయ్య ఒట్టు వేయించుకుంది. 'వాడికి చెప్పకమ్మా. పాస్తా బాగాలేదన్నానని రాత్రంతా నిద్రపోడు' అనేది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కూతురు మంచినీళ్లు తెచ్చింది. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, ఆ అచ్చు పట్టుకుని పనిగదిలోకి నడిచాడు.

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేరం పోయినట్టా, ఉన్నట్టా? లోపల మిషను చప్పుడు మొదలైంది.

"ఈ పిండికి నీళ్లు చాలవు!" లోపల్నుంచి అరిచాడు. "అచ్చు చేయిస్తే సరిపోయిందా? గోడ మందమైతే ఆరడానికి ఇంకో రోజు పడుతుంది. ఆ కొనే ఆవిడకి రాయి, కంగారు పెట్టొద్దని!"

కూతురు ఒక్క ఉదుటున కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది.

మధ్యాహ్నం ఆ తొలి గొట్టాలు, ఇంకా ఆరని పచ్చివే, ఆయనే గిన్నెలో వేశాడు. గడియారం చూడలేదు, చెంచాతో నొక్కి చూశాడు. బాగా మెత్తబడ్డాక మూడు ప్లేట్లలో పెట్టాడు. ఒక గొట్టం నోట్లో వేసుకుని నాలుకతో అంగిటికి నొక్కాడు. పళ్ల అవసరం లేకుండానే కరిగిపోయింది. ఆయన కళ్లలోంచి నీళ్లు జారి ప్లేట్లో పడ్డాయి. తుడుచుకోలేదు.

"ప్యాకెట్ మీద ఇరవై అనే వేయించు," అన్నాడు కూతురితో. తర్వాత భార్య వైపు తిరిగి, ఏదో కొత్తమనిషిని అడుగుతున్నట్టు తడబడుతూ అడిగాడు. "నీకు... నీకెలా ఇష్టం?"

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న వినడం ఆవిడకి అదే మొదటిసారి. ఖాళీ అయిన తన ప్లేటులోకి చూసింది.

"నాకూ ఇలాగే ఇష్టమండీ," అంది, రెండోసారి వడ్డించుకుంటూ.