అడ్డం ఆమెది, నిలువు నాది

రాజోలు గ్రంథాలయానికి వచ్చే పేపరు ఒక్కటే. ఆ పేపరు ఆఖరి పేజీలో గళ్ళ పజిలు ఒక్కటే. దాన్ని నాకంటే ముందే ఎవరో ఇంకుతో నింపేస్తున్నారు.

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు ఒళ్ళు మండిపోయింది.

"తాతారావుగారూ, ఇది ప్రజల పేపరా, ఎవరింటి సొంత పేపరా?" అని లైబ్రేరియన్ మీద ఎగిరాను.

ఆయన రిజిస్టర్లోంచి తలెత్తకుండానే, "ఆయ్," అన్నారు.

"ఆయ్ అంటే కాదండీ, ఎవరు రాస్తున్నారో చెప్పండి."

"నేనేనండి," అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూశాను. గుమ్మంలో ఒకమ్మాయి గొడుగు మూస్తోంది. గొడుగు మీది వాన నీళ్ళన్నీ నా చెప్పుల మీద పడుతున్నాయి. చూసుకోక అలా చేసిందో, చూసే చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను గుంటూరువాణ్ణి. 1981 జూన్‌లో రాజోలు కరెంటాఫీసులో గుమాస్తాగా చేరాను. నరసాపురం దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కి ఇవతల దిగిన మొదటి వారమే, నన్ను మా వైపు బదిలీ చెయ్యండి మహాప్రభో అని అర్జీ పెట్టుకున్నాను. ఎటు చూసినా నీళ్ళూ, కొబ్బరిచెట్లూ. తెలిసిన ముఖం ఒక్కటి లేదు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి ఆ పజిలు చెయ్యడం ఒక్కటే నాకున్న సరదా. దాని జోలికి వస్తే ఊరుకుంటానా?

"బస్సువాళ్ళు పేపరు మా గేటు దగ్గర పడేస్తారండి. లైబ్రరీ తెరిచేదాకా మా అరుగు మీదే ఉంటుంది. స్కూలుకెళ్ళేలోపు ఓ పట్టు పడతాను," అంది.

"పడితే పట్టారు, ఇంకుతో ఎందుకండీ?"

"తప్పు రాయనప్పుడు పెన్సిలెందుకండి?"

ఆ ధీమా చూసి నాకు ఇంకా మండింది. నిన్నటి పేపరు లాగి ఆమె ముందు పెట్టాను. "ఇదిగో తప్పు. 'గోదావరి చివర దొరికేది', రెండక్షరాలు. మీరు వరి అని రాశారు. గోదావరి చివర సముద్రం ఉంటుంది. సముద్రంలో దొరికేది చేప."

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "గోదావరి అన్న మాట మెల్లగా పలకండి. చివర ఏం దొరికిందో చూడండి."

గో, దా, వ, రి. చివర వరే ఉంది.

"మీ పేరేంటండీ?" అంది.

"సాలమోను."

"అంత జ్ఞానవంతుడి పేరు పెట్టుకుని వరి దగ్గర బోల్తా పడ్డారేంటండీ," అంది. అప్పుడు నవ్వింది.

తాతారావుగారు చూశారు, ఇది ఒక్కరోజులో తేలే వ్యవహారం కాదని. పురికొసకి కట్టిన పెన్సిలొకటి తెచ్చి, ఆ కొస బల్లకి ముడేశారు. "ఈరోజునుంచి పేపరు బల్ల మీదకి ఖాళీగా రావాలండి. ఇంకు పనికిరాదు. అడ్డం ఆధారాలు అమ్మాజీ టీచరుగారివి. నిలువు సాలమోనుగారివి. ఒకరి గళ్ళలో ఇంకొకరు వేలు పెట్టకూడదు."

"ఆయ్," అంది అమ్మాజీ.

అలా మొదలైంది. ఎనిమిదింటికి నేను నిలువు పట్టుకుని కూర్చునేవాణ్ణి, ఎదురుగా ఆమె అడ్డం. ఇద్దరికీ ఒకటే పెన్సిలు. పురికొస పొట్టిది కావడంతో ఒకరు రాస్తుంటే ఇంకొకరు దగ్గరికి వంగాల్సొచ్చేది. తాతారావుగారు కావాలనే పొట్టిది కట్టారని నా అనుమానం.

నా అక్షరం తప్పయితే ఆమె అడ్డం ఆగిపోయేది. అప్పుడు దాని పక్కన సన్నగా ఒక గీత గీసి, "ఇక్కడెవరో జారిపడ్డారండి," అనేది. ఒకరోజు 'మంచం తిరగేస్తే జిల్లా, మూడక్షరాలు' అన్నదానికి నేను అరగంట తల పట్టుకున్నాను. మంచమంటే పడకని, పడకని వెనకనుంచి చదివితే కడప అని ఆమెకి ఎప్పుడో తెలుసు. అయినా చెప్పలేదు.

"తెలిస్తే చెప్పచ్చు కదండీ," అన్నాను.

"నిలువు మీది కదండీ. మీ గడి మీరు నింపుకోవాలి."

ఆగస్టులో ఒకరోజు నా వంతుకొచ్చిన ఆధారం ఇది: 'స్వప్నం పక్కన దేవుడిచ్చింది చేరితే గాభరా', నాలుగక్షరాలు. ఎంతకీ తెగలేదు. ఆఫీసుకెళ్ళి లెడ్జరు ముందు కూర్చున్నా అదే గోల. మధ్యాహ్నం ఒక రైతు బిల్లు చూపించి ఏదో అడుగుతున్నాడు, నేను ఆయన్ని దాటి కిటికీలోంచి కాలవ గట్టు మీద గొడుగేసుకుని వెళుతున్న అమ్మాజీని చూస్తున్నాను. గుండె ఒక్కసారి లయ తప్పింది. ఠక్కున దొరికింది. కల. వరం. కలవరం.

సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద ఆమె ఎదురుపడింది.

"దొరికిందాండీ?" అంది.

"దొరికిందండి," అన్నాను. ఆ అమ్మాయి ఎదురుగా లేకుండా ఇక నాకు తెల్లవారదని ఆ పూటే తెలిసింది. చెప్పడానికి మాత్రం నవంబరు దాకా పట్టింది. అదైనా నా ధైర్యం కాదు. ఎప్పుడో మర్చిపోయిన అర్జీ ఫలించి, ముప్పయ్యో తేదీ సోమవారం గుంటూరులో చేరమని ఆర్డరు వచ్చిపడింది.

పద్నాలుగో తేదీ శనివారం పొద్దున్న అమ్మాజీ పెన్సిలు చివర కొరుకుతూ అడ్డం పదకొండు మీద ఉంది.

"మీతో ఒక మాట చెప్పాలండి," అన్నాను.

"ఆయ్."

"నాకు బదిలీ అయింది."

పెన్సిలు ఆగింది. "ఆయ్," అంది.

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుందండి. రేపు ఆరాధన అయ్యాక మీ నాన్నగారిని కలుస్తాను."

తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ పేపర్లోకి చూసి, మెత్తగా, "ఆయ్," అంది.

మూడు ఆయ్‌లు, అంటే మూడు అవునులు. నేను గాలిలో తేలుకుంటూ ఆఫీసుకి వెళ్ళాను.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె తండ్రి ఏసుపాదం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, వరండాలో కుర్చీ చూపించారు. నేను నా ఉద్యోగం, మా అమ్మానాన్నల సంగతి చెప్పి, "మీ అమ్మాయిగారు ఒప్పుకున్నారండి, మీరు కూడా దయతలిస్తే," అన్నాను.

మాస్టారు లోపలి వైపు తిరిగి కేకేశారు. "అమ్మాజీ, నువ్వు ఒప్పుకున్నావా అమ్మా?"

"లేదండి నాన్నగారూ," అంది గుమ్మంలోంచి.

నాకు తల కొట్టేసినట్టయింది. "నిన్న మూడుసార్లు ఆయ్ అన్నారు కదండీ!"

"వింటున్నానని అన్నానండి. మాకు పిలిచినా ఆయే, చెప్పినా ఆయే, వర్షమొస్తోందన్నా ఆయే." గుమ్మం దాటి ముందుకొచ్చింది. "ఆలోచించుకుని నేనే చెబుదామనుకున్నాను. ఈలోపు నా గళ్ళు మీరే నింపేసేరు."

నాలుగు నెలలు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఉన్న ఒక్క రూలూ తప్పాను.

"మా అమ్మాయి జవాబు మా అమ్మాయే చెప్పాలండి. అది వచ్చేదాకా మనం మాట్లాడుకోవడానికి ఏం లేదు. కాఫీ తాగి వెళ్ళండి," అన్నారు మాస్టారు. కోనసీమలో గెంటేసినా కాఫీ ఇచ్చే గెంటేస్తారు. తాగాను.

ఆ తర్వాత అమ్మాజీ పొద్దున్న రావడం మానేసింది. నేను వెళ్ళిపోయాక సాయంత్రం వచ్చి తన అడ్డం నింపి వెళ్ళేది. మర్నాడు పాత పేపరు తీసి చూసుకునేవాణ్ణి. నా తప్పుల పక్కన సన్నగీత ఉండేది కాదు. తప్పు తప్పులాగే ఉండేది.

"ఉత్తరం రాసెయ్యకూడదాండీ?" అన్నారు తాతారావుగారు జాలిగా.

"ఉత్తరంలో అన్నీ నా గళ్ళేనండి. ఆవిడకి చోటేదీ?"

అన్నాక నాకే వెలిగింది. నేను మొండివాణ్ణి. పజిలు విప్పడమే అంతంతమాత్రం, అయినా ఒకటి కట్టి తీరాలనుకున్నాను. పది రోజులు కాయితాలు చించాను. బదిలీ రద్దు చెయ్యమని ఒక అర్జీ కూడా రాసి జేబులో పెట్టుకున్నాను. ఆమె సరేనంటే అది ఇస్తాను, కాదంటే ఆదివారం పంటెక్కుతాను. జవాబు వినకుండా మాత్రం ఎక్కేది లేదు.

ఇరవై ఎనిమిదో తేదీ శనివారం సాయంత్రం, ముసురు పట్టి ఉంది. ఆమె వచ్చేసరికి బల్ల దగ్గర నేనున్నాను. వెనక్కి తిరగబోయింది.

"నేనేం మాట్లాడనండి. ఇది చూడండి, చాలు," అని కాయితం ముందుకు జరిపాను.

నిలబడే చదివింది. "నిలువు ఒకటి. 'తొందరపడ్డవాడు చేసింది', రెండక్షరాలు. తప్పు." నా వైపు చూడలేదు. "నిలువు రెండు. 'రేపు నేను ఎక్కకూడదనుకుంటున్నది'. పంటు. ఇవేం ఆధారాలండీ, తిరకాసు ఒక్కటీ లేదు."

"తిరకాసు లేకుండా చెబుదామనేనండి."

"అడ్డం ఒకటి. 'మీ ఇష్టం', రెండక్షరాలు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "లేదు అన్నా రెండక్షరాలేనండి."

"కాదు అన్నా రెండేనండి. చూసే పెట్టాను."

ఆమె వేలితో గళ్ళు వెతికింది. అడ్డం గళ్ళు రెండూ పైన విడిగా ఉన్నాయి. నా నిలువులు ఎక్కడో కింద ఉన్నాయి. "నా గళ్ళలో మీ అక్షరం ఒక్కటీ పడలేదేంటండీ? ఇలా కడితే ఏ పేపరువాళ్ళూ వేసుకోరు."

"తెలుసండి. పడకూడదనే అలా కట్టాను."

బయట కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె పెన్సిలు తీసింది. మళ్ళీ పెట్టేసింది. సంచీలోంచి తన ఇంకు పెన్ను తీసి మూత విప్పింది.

"టీచరుగారూ, రూలండి," అన్నారు తాతారావుగారు.

"ఈ ఒక్కసారికి అటు తిరగండి బాబాయిగారూ."

ఆయన బీరువా వైపు తిరిగి, లేని దుమ్ము దులపడం మొదలుపెట్టారు.

ఆమె రెండు గళ్ళూ నింపి కాయితం నా వైపు తిప్పింది. మొదటి గడిలో 'ఆ'. రెండో గడిలో 'య్'.

ఒకసారి పరువు పోగొట్టుకున్నవాణ్ణి. గట్టిగా ఊపిరి పీల్చుకుని అడిగాను. "అమ్మాజీగారూ, ఇది విన్నానన్న ఆయా, ఒప్పుకున్నానన్న ఆయా?"

"విన్నాననడానికి నోరు చాలు కదండీ," అంది పెన్ను మూత పెడుతూ. "ఇంకెందుకు?"

ఇంకు, ఎందుకు. విడదీసి చదువుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఆమె ఓపిగ్గా ఎదురుచూసింది. చెప్పలేదు. నా గడి నేను నింపుకోవాలి మరి.

ఇద్దరం ఒకే గొడుగులో వాళ్ళింటికి వెళ్ళాం. ఏసుపాదం మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాయితం అటూ ఇటూ తిప్పి చూశారు. వేలితో అక్షరం మీద రుద్దారు. ఇంకు ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలికి అంటింది. ఆ వేలు చూసుకుని కళ్ళజోడు తీశారు.

"మాస్టారండీ, ఇప్పుడు మాట్లాడచ్చాండీ?" అన్నాను.

"ఆయ్," అన్నారు ఆయన.

నేను భయంభయంగా అమ్మాజీ వైపు చూశాను.

"అది ఒప్పుకున్నదేనండి," అంది.