ఎడమచేతి మబ్బు

"కాలు తీస్తారా, లేక మా ఉద్యమాన్ని పూర్తిగా తొక్కేశాకే కదులుతారా?"

మనవాడు ఉలిక్కిపడి కిందికి చూశాడు. బూటు కింద ఒక అట్ట. దాని మీద ఎర్ర ఇంకుతో "మా పాఠాలకు తాళం వేయకండి" అని రాసి ఉంది. పొద్దుటి జల్లుకి తడిసిన అట్టని ఎవరో మెట్ల మీద ఆరబెట్టుకున్నారు. టీ తాగుదామని ఆఫీసు నుంచి దిగిన మనవాడు, ఫోన్లో తలపెట్టి నడిచే రకం కాబట్టి, సరిగ్గా దాని నడినెత్తిన కాలేశాడు.

"సారీ అండీ" అంటూ తలెత్తి, అక్కడే కొయ్యబారిపోయాడు.

ఎందుకంటే ఆ అమ్మాయి అతనికి తెలుసు. చరణం మొదలయ్యే ముందు ఆమె కనుబొమ్మ ఎలా పైకి లేస్తుందో తెలుసు. నవ్వు ఆపుకోలేకపోతే గోడవైపు తిరిగిపోతుందనీ తెలుసు. ఆమెకి మాత్రం ఇతనెవరో తెలియదు. తెలిసుంటే ఆ అట్టతోనే నాలుగు తగిలించేది.

ఆమె వినపడని పిల్లల బడిలో టీచర్. వెనక పాట మోగుతుంటే, ఆ పాటని చేతులతో, సైగల భాషలో పాడుతుంది. ఆ వీడియోలు నెట్‌లో పెడుతుంది. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కలిసి చూసి నేర్చుకుంటారు.

మనవాడి ఉద్యోగం ఏమిటంటే, పాటల కంపెనీల తరఫున ఇలాంటి వీడియోల్ని చూడటం. "ఇది మా పాటే" అని మిషన్ పట్టుకున్న వీడియో లోకానికి కనపడకుండా ఆగి, ఇతని ముందుకి వస్తుంది. మొదటినుంచి చివరిదాకా చూసి, ఉంచాలో తీసేయాలో ఇతను నొక్కాలి. పాట సగం కన్నా ఎక్కువ ఉంటే తీసేయాలని ఆఫీసు రూలు. ఆ రూలు ప్రకారం టీచర్ వీడియోలు కొన్ని ఇతని చేతులమీదుగానే పోయాయి. చూడటం మాత్రం ఒక్కసారితో ఆపలేకపోయాడు పాపం.

ఇప్పుడు కొత్త చట్టం వస్తోంది. అది వస్తే మధ్యలో చూసే మనిషే ఉండడు. మిషన్ పట్టుకుంటే అంతే సంగతులు. మూడుసార్లు పట్టుకుంటే ఛానెల్ మొత్తం మూసేస్తారు. టీచర్ ఛానెల్ వారం కూడా బతకదు. అందుకే ఆమె, గిటార్ నేర్పే పెద్దాయన, సినిమాల్ని చీల్చి చెండాడే కాలేజీ పిల్లలు, ఇంకా బోలెడుమంది ఆ ఆఫీసు ముందు బైఠాయించారు.

అంతలో వాన మళ్ళీ అందుకుంది. టీచర్ పక్కనే మెడలో కొలతల టేపు వేసుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆవిడ మనవాడి చేతిలో ముడిచి ఉన్న పసుపుపచ్చ గొడుగుని చూసి చేతులు తిప్పింది. గొడుగు పెట్టుకుని తడుస్తావేమిటి నాయనా, అని.

మర్చిపోయానండీ, అని మనవాడు కూడా చేతులతోనే చెప్పాడు. చెప్పాక నాలుక్కరుచుకున్నాడు.

టీచర్ కళ్ళు ఇంతింతయ్యాయి. "మీకు సైగల భాష వచ్చా?"

"ఏదో కొద్దిగా."

"ఎవరు నేర్పారు?"

"ఒక టీచర్‌గారు."

"మా అమ్మతో ఇలా గడగడా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు. మీది ఎడమచేతివాటమా? నాదీ అంతే."

"అవునండీ" అన్నాడు మనవాడు, కుడిచేత్తో గొడుగు విప్పుతూ.

ఆ రోజునుంచి టీ టైమంతా ఆ గొడుగు కిందే గడిచింది. ఇతను పేరు చెప్పలేదు, ఆమె "గొడుగుగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. పని ఎక్కడంటే "ఇక్కడే, దగ్గర్లో" అన్నాడు. రోజూ చెప్పేద్దామనుకోవడం, ఆమె నవ్వగానే నీరుగారిపోవడం.

"ఏమోయ్, కింద ఆ గుంపులో నీ గొడుగు కనిపిస్తోందేమిటి?" అన్నాడు మేనేజర్ ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి చూసి.

"గొడుగులన్నీ ఒకేలా ఉంటాయి కదా సార్."

"నల్లవి ఉంటాయి. పసుపుపచ్చవి ఉండవు."

మనవాడు మెల్లగా జారుకున్నాడు.

*

టీచర్ వాళ్ళ అమ్మ బట్టలు కుడుతుంది. చిన్న కొట్టు, గోడకి అద్దం, రెండు కుట్టుమిషన్లు, మూలన పాత స్పీకరు. ఆ కొత్త చట్టం మీద విచారణ సభకి ముందురోజు, అట్టలు రాయడానికి సాయం రమ్మని టీచర్ మనవాణ్ణి అక్కడికే పిలిచింది.

అతను అక్షరాలు దిద్దుతూ కిటికీ బయటికి చూశాడు. తీగమీద కుట్టిన బట్టలు ఆరుతున్నాయి. మబ్బు పట్టింది, బట్టలు తెచ్చేయనా, అని అమ్మని చేతులతో అడిగాడు. మబ్బు అనడానికి బుగ్గలు రెండూ పూరించి, ఎడమచేతి వేళ్ళని నెత్తిమీద గిలగిలలాడించాడు.

అమ్మ పగలబడి నవ్వింది. ఆవిడకి ఆ సైగ అర్థమే కాలేదు.

టీచర్ మాత్రం నవ్వలేదు. "ఇప్పుడేం చేశారు? మళ్ళీ చేయండి."

మనవాడు హుషారుగా మళ్ళీ బుగ్గలు పూరించాడు.

"మబ్బుకి సైగ అది కాదు. అది నేను సరదాకి పుట్టించింది. పిల్లలకి ఇంకా చూపించనే లేదు. ఒక్క వీడియోలో చేశాను. అది బయటికి రాకుండానే తీసేశారు." ఆమె గొంతు మారిపోయింది. "దాన్ని చూసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు నేను. రెండోవాడు దాన్ని తీసేసినవాడు."

మనవాడి బుగ్గల్లో గాలి మెల్లగా దిగిపోయింది.

"చెబుదామనే అనుకున్నానండీ."

"ఎప్పుడు? చట్టం వచ్చాకనా?" ఆమె కుంచె పక్కన పడేసింది. "టీ కుడిచేత్తో తాగుతూ సైగలు ఎడమచేత్తో చేస్తుంటే, ఏమిటో అనుకున్నాను. నా దగ్గరే నేర్చుకుని, నా పాటలే చెరిపేసి, నా పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డారా? ఏం మనిషండీ మీరు?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మనవాడు గొడుగు కూడా తీసుకోకుండా, అప్పుడే మొదలైన వానలోకి నడిచాడు. దారిపొడుగునా తన మీద తనకే అసహ్యం వేసింది.

*

విచారణ సభలో కుర్చీలు చాల్లేదు. పైన అధ్యక్షురాలు, సభ్యులు. కింద ఒకపక్క కంపెనీలవాళ్ళు, రెండోపక్క అట్టలవాళ్ళు. మనవాడు మేనేజర్ ఫైళ్ళు మోసుకుంటూ వచ్చి, కంపెనీల వరసలో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

మేనేజర్ మైకు అందుకున్నాడు. "వీడియోలు చూడటానికి మనుషులెందుకండీ, దండగ. మిషన్ చాలు. ఈ టీచర్‌గారి సంగతే తీసుకోండి. వినపడని పిల్లలకి పాటెందుకు? శబ్దం తీసేసి పెట్టుకోమనండి, గొడవే ఉండదు."

ఆయన ఏమన్నాడు, అని అమ్మ కూతుర్ని అడిగింది.

టీచర్ చేతులు లేచాయి, మధ్యలో ఆగిపోయాయి. ఆ మాట తల్లికి చెప్పడానికి ఆమెకి చేతులు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కంపెనీల వరసలోంచి మనవాడు లేచాడు. ఫైళ్ళు కుర్చీలో పడేసి, అమ్మకి ఎదురుగా వచ్చి నిలబడి, మేనేజర్ మాట ఉన్నదున్నట్టు చేతులతో చెప్పాడు. చెబుతుంటే అతని మొహం సిగ్గుతో కందిపోయింది.

అమ్మ లేచి జవాబిచ్చింది. ఆవిడ చేతులు కదులుతుంటే మనవాడు గొంతు అరువిచ్చాడు.

"నాకు పుట్టుకతోనే వినపడదు. మా అమ్మాయికి జోల పాడలేకపోయాను. స్పీకరు మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో పిల్లని జోకొట్టాను. పాట నా అరచేతిలో కొట్టుకునేది. అలా జోకొట్టించుకున్న పిల్లే ఇవాళ పిల్లలకి పాటలు నేర్పుతోంది. శబ్దం తీసేస్తే నా చెయ్యి దేనిమీద పెట్టుకోవాలో ఆయన్ని చెప్పమనండి."

"మీరెవరు?" అని అధ్యక్షురాలు మనవాణ్ణి అడిగింది.

"వీళ్ళ వీడియోలు తీసేసినవాణ్ణి మేడమ్."

మేనేజర్ దగ్గాడు. మనవాడు అటు చూడలేదు.

"పాట రాసినవాళ్ళ కష్టం నాకు తెలుసు. దొంగిలించి అమ్ముకునేవాళ్ళని రోజూ పట్టుకుంటున్నాను, ఇకముందూ పట్టుకోవాల్సిందే. కానీ ఈవిడ పాటలు తీసేసిన ప్రతిసారీ ఇది తప్పనిపించింది. ఎందుకనిపించిందంటే, చూశాను కాబట్టి. చూసి చూసి ఈ భాష నేర్చుకున్నాను. మిషన్ నాకన్నా వేగంగా పట్టుకుంటుంది మేడమ్, కానీ చూడదు. తప్పు చేశానని దానికి ఎప్పటికీ తెలియదు."

అధ్యక్షురాలు చాలాసేపు కాగితాల మీద ఏదో రాసుకుంది. చివరికి కళ్ళజోడు తీసి, "ఈ సెక్షన్ ఇలాగే అయితే నా దగ్గర్నుంచి ముందుకి కదలదు. మనిషి చూడకుండా ఏదీ తీసేయడానికి వీల్లేదు. పాఠాలకి మినహాయింపు ఉండాలి. తిరిగి రాసుకుని రండి" అంది.

అట్టలవాళ్ళు ఈలలు వేశారు. గిటారు పెద్దాయన పక్కవాణ్ణి ఎత్తేసినంత పనిచేశాడు. సందట్లో మేనేజర్ వచ్చి, "రేపట్నుంచి రానక్కర్లేదోయ్" అన్నాడు. మనవాడు "సరే సార్" అన్నాడు, అన్నాక భలే తేలిగ్గా అనిపించింది.

*

బయట వాన దంచికొడుతోంది. మెట్ల మీద మనవాడు ఒంటరిగా నిలబడ్డాడు.

"గొడుగుగారూ." వెనకనుంచి టీచర్. ఆమె చేతిలో పసుపుపచ్చ గొడుగు. "మర్చిపోయి వెళ్ళారు."

"మీ దగ్గరే ఉండనివ్వండి."

"నాకెందుకు? పట్టుకునే మనిషి లేకుండా ఉత్త గొడుగు ఏం చేసుకోను?"

మనవాడికి ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త టైము పట్టింది.

ఈలోగా అమ్మ వచ్చి చకచకా ఏదో అంది. మనవాడు తెల్లమొహం వేశాడు. "ఏమన్నారు?"

"చెప్పను" అంది టీచర్, గోడవైపు తిరిగిపోయి.

అమ్మ జాలిపడి, నింపాదిగా మళ్ళీ చెప్పింది. కుర్రాడు నాకు నచ్చాడు, మీ ఇద్దరికీ నా దీవెన, కానీ వీడిది కుడిచేతివాటం, సైగలు కుడిచేత్తో నేర్పు.

మనవాడి చెవులు ఎర్రబడ్డాయి. "నేర్చుకుంటానండీ, మళ్ళీ మొదట్నుంచి. మీరు నేర్పితే." తర్వాత, నోటితో అనడానికి ధైర్యం చాలక, ఎడమచేత్తో తన గుండెమీద తట్టుకుని, ఆమె వైపు చూపించాడు. మీరంటే నాకు ఇష్టం, చాలా రోజులనుంచి, అని.

"ఎప్పట్నుంచి?"

"మబ్బు దగ్గర్నుంచి."

"ఆ వీడియో ఎన్నిసార్లు చూశారు?"

"రూలు ప్రకారం ఒకసారి."

"రూలు కాకుండా?"

మనవాడు బుగ్గలు పూరించి ఆకాశంలోకి చూశాడు. టీచర్ ఈసారి గోడవైపు తిరగలేదు, అతనికి ఎదురుగానే నిలబడి ఫక్కుమని నవ్వింది. గొడుగు అతని కుడిచేతికి ఇచ్చి, ఎడమచెయ్యి తను పట్టుకుంది.

"అమ్మ మాట వినకండి. కుడిచేత్తో గొడుగు పట్టుకోండి చాలు. ఈ చెయ్యి నా దగ్గర నేర్చుకుంది, దీన్ని మార్చనివ్వను."