విడుపు ఊట

పూర్వం సిరిపురి రాజ్యానికి వింత ఆపద వచ్చింది. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లల కీళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోసాగాయి. మెడ తిరగదు, మోకాలు వంగదు. రాజవైద్యులు చేతులెత్తేశారు. మందు తెస్తానని బయలుదేరిన యువరాజు వీరకేతు తిరిగి రాలేదు.

గొర్రెల కాపరి కూతురు పైడమ్మ, తల్లిలేని చెల్లెలు అంకాలును తానే పెంచింది. ఒకనాడు ఆ పిల్ల అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక ఏడ్చేసరికి, పైడమ్మ గొంగడి భుజాన వేసుకుని లేచింది.

"మందు దొరికేదాకా ఇంటి ముఖం చూడను నాయనా" అని తండ్రితో చెప్పి అడవి దారి పట్టింది.

ఏడు రోజులు నడిచాక ఒక గుహలో ముసలి ముని కనిపించాడు. పైడమ్మ దండం పెట్టి సంగతి చెప్పింది.

"తల్లీ, మన ఒంట్లో కండనూ ఎముకనూ పట్టి ఉంచేవి సన్నని చక్కెర గొలుసులు. పాతవి రోజూ విడిపోతూ ఉండాలి. విడదీసే శక్తి మీ ఏటి నీళ్లలో ఉండేది. ఆ ఏరు పుట్టే ఊటను జిగటాసురుడు మూసేశాడు. విడిపోని గొలుసులన్నీ పిల్లల కీళ్లలో పేరుకుపోతున్నాయి."

"ఆ ఊట ఎట్టా తెరవాలి తాతా?"

"అది నాకూ తెలియదు. కోపంతో వెళ్లినవాడెవడూ మళ్లీ ఇటు రాలేదు."

ముని చూపిన దారిలో జిగురు మడుగు అడ్డొచ్చింది. వెదురు గడలు పరిచి, ఒక్కొక్కటే ముందుకు జరుపుకుంటూ దాటింది. అవతల కాకులంత తేనెటీగలు మీద పడ్డాయి. గొంగడి కప్పుకుని, కుట్టిన చోటల్లా మండుతున్నా మోకాళ్ల మీద పాకుతూ సాగింది.

ఊట చుట్టూ కొండంత పూసల గొలుసు చుట్టుకుని ఉంది. చుట్టూ కత్తులెత్తిన రాతి వీరులు. వాళ్లలో యువరాజూ ఉన్నాడు.

"ఈ గొలుసు విప్పితే ఊట నీది. విప్పకుండా లేచావో, నువ్వూ రాయివే!" అని అక్కడే కాపలా ఉన్న జిగటాసురుడు నవ్వాడు.

పైడమ్మ గొలుసును తడిమి చూసింది. కత్తి తగిలిన చోటల్లా అది రెండింతలు ముడిపడి ఉంది. నడిమి పూసను లాగితే ఇంకా బిగిసింది. వెతగ్గా వెతగ్గా అడుగున కొస దొరికింది. కొస పూసను తిప్పితే ఊడింది. రెండోది మరో జాతి పూస, ఎడమకు తిప్పితేగాని రాలేదు. అలా ఒక్కొక్కటే ఊడదీస్తూ కూర్చుంది. గోళ్లు విరిగాయి, వేళ్లు నెత్తురోడాయి.

మూడోనాటికి అసురుడికి భయం పట్టుకుంది. ఆమె మనసును మాయతో చదివి, "మీ చెల్లెలికి సరిపడా కుండెడు నీళ్లిస్తాను. రాయిని చెయ్యను, లేచి పో!" అన్నాడు.

పైడమ్మ చేతులు ఆగాయి. అంకాలు ముఖం కళ్లముందు మెదిలింది. "అది ఒక్కతే లేచి ఎవరితో ఆడుకుంటది?" అని తల వంచుకుని మళ్లీ పూస పట్టుకుంది.

పొద్దు వాలేవేళకు చివరి పూస ఊడింది. ఊట ఉవ్వెత్తున ఎగిసింది. జిగురుతో చేసిన అసురుడి ఒళ్లు ఆ నీళ్లలో కరిగిపోయింది. రాతి వీరులకు ప్రాణం వచ్చింది.

వీరకేతు కత్తి కింద పెట్టాడు. "నాకు నరకడం నేర్పారు గానీ, కూర్చుని విప్పడం ఎవరూ నేర్పలేదు" అన్నాడు.

"వేళ్లు నొప్పెడతాయి, అంతే" అంది పైడమ్మ.

ఏటి నీళ్లు తాగగా తాగగా నెల తిరిగేసరికి పిల్లలందరూ కోలుకున్నారు. ఏడాదికి వీరకేతు కోరి పైడమ్మను పెళ్లాడాడు. రాజు ఇద్దరికీ కలిపి పట్టం కట్టాడు. ఊరేగింపు రోజున అంకాలు పల్లకి ఎక్కమంటే ఎక్కలేదు. ఊరి పిల్లలందరినీ వెంటేసుకుని, కోట గుమ్మం దాకా పరుగెత్తుతూనే వచ్చింది.