కోడలి కోపం

పొద్దున్న ఆరున్నరకు వంటింట్లో స్టీలు గ్లాసు కిందపడింది. అది దొర్లుకుంటూ వెళ్ళి గోడకు కొట్టుకుని ఆగేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఆ వెంటనే వంటింటి తలుపు ధడాలున మూసుకుంది.

ముందు గదిలో పేపరు చదువుతున్న అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఈ వారంలో ఇది నాలుగో గ్లాసు. తలుపుల సంగతి లెక్కపెట్టడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

మోకాళ్ళు మొరాయించడంతో, నాలుగో అంతస్తులో తన ఫ్లాటు వదిలేసి ఆవిడ కొడుకు ఇంటికొచ్చి మూడు నెలలైంది. మొదటి వారం అంతా బాగానే ఉంది. తర్వాత గిన్నెలు పడటం మొదలైంది. కోడలు ముభావంగా తయారైంది. రాత్రి రెండింటికి గోడకు అవతల వసారాలో అడుగుల చప్పుడు. అటూ ఇటూ, అటూ ఇటూ. తను వచ్చినందుకు ఆ పిల్లకు కోపంతో నిద్ర కూడా పట్టడం లేదని ఆవిడ తీర్మానించుకుంది. ఒకసారి అలా తీర్మానించుకున్నాక ప్రతి చప్పుడూ సాక్ష్యమే అయింది.

స్నానం చేసి వచ్చిన కొడుకుతో నింపాదిగా చెప్పింది.

"అక్కకు ఫోన్ చేశాను రా. ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది."

"ఇప్పుడేమైందమ్మా?"

"ఏం కాలేదు. ఏదో ఒకటి అయ్యేదాకా ఉండటం దేనికి?"

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కోవడం అతనికి ఉద్యోగంలో అలవాటే. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరుక్కోవడమే చేతకాదు. తువ్వాలు భుజాన ఉండగానే వంటింట్లోకి వెళ్ళాడు.

"అమ్మ వెళ్ళిపోతానంటోంది. ఆవిడ ఉండటం నీకిష్టం లేకపోతే నాతో చెప్పు. గిన్నెల చేత చెప్పించడమేంటి?"

ఎడమచేత్తో గ్లాసు తీస్తున్న కోడలు వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"నేనేం చెప్పించాను?"

"రోజూ ఏదో ఒకటి పడుతుంది. తలుపు దద్దరిల్లుతుంది. రాత్రి పక్క మీద ఉండవు. మాకు చెవుల్లేవనుకున్నావా?"

"మీరందరూ అలా అనుకుంటున్నారా?"

"ఇంకెలా అనుకోమంటావు?"

అప్పుడైనా ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఏమవుతుందో తలుచుకుని, మాట మింగేసి గ్లాసు గట్టు మీద పెట్టింది.

ఇంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ పిల్లనేమీ అనకు. నాకూ ఒక కూతురుంది, పోతాను. ఇందులో తగాదా ఏముంది?"

"మీరెక్కడికీ వెళ్ళొద్దు అత్తయ్యా." అంది కోడలు. "ముందు టీ తాగండి."

కప్పు నిండా పోసి, కుడిచేత్తో అందించబోయింది. అత్తగారు చెయ్యి చాపేలోపే కప్పు వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. గచ్చు మీద ముక్కలు, టీ.

"చూశావా, చూశావా," అన్నాడు కొడుకు. "ఎదురుగానే."

ఆవిడ ముక్కల వైపు చూడలేదు, కోడలినే చూస్తోంది. కోపంతో విసిరేసిన మనిషి ఎదుటివాళ్ళ ముఖంలోకి చూస్తుంది. ఈ పిల్ల మాత్రం తన అరచేతిని చూసుకుంది, అది పరాయివాళ్ళదైనట్టు. తర్వాత తడి దులుపుతున్నట్టు దాన్ని గబగబా విదిలించింది. ఆ విదిలింపు అత్తగారికి బాగా తెలిసిందే.

"ఆ చెయ్యి ఇలా ఇవ్వు," అంది. "బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు తిమ్మిరి. చిటికెన వేలికి ఏమీ లేదు. అవునా?"

"మీకెలా తెలుసు?"

"రాత్రి నిద్రలో మంట పుడుతుంది. లేచి విదిలిస్తే కాస్త నయం. నువ్వు నడిచేది అందుకేనా?"

కోడలు తలూపింది. తలుపు పిడి పట్టు దొరకడం లేదని, భుజంతో నెడుతుంటే అది ధడాలుమంటోందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"మూడు నెలలుగా నాకు కూడా చెప్పలేదు," అన్నాడు కొడుకు. "పద, డాక్టరు దగ్గరికి. ఆపరేషన్ చేయించేద్దాం."

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆమె పని బేకరీలో కేకుల మీద పేర్లు రాయడం. క్రీము సంచిని గుప్పిట్లో పట్టి పొద్దస్తమానం పిండాలి. మూడు నెలల కిందట పెద్ద ఆర్డర్లు మొదలయ్యాక ఆ పని రెండింతలైంది. "నాకన్నా ముందు అక్షరాలు రాసిన ఆవిడ చెయ్యి ఆపరేషన్‌కని సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో నేనున్నాను. ఆవిడిప్పుడు ట్రేలు కడుగుతోంది. రోజూ నా ఎదురుగానే."

కొడుకు మళ్ళీ, "అయినా ఆపరేషన్," అనబోయాడు.

"నువ్వు కాసేపు ఊరుకోరా. విప్పి బిగించడానికి ఇదేమైనా లిఫ్టా?" అంది తల్లి. "నేను ఆఫీసులో టైపిస్టుగా చేసినప్పుడు మా టైపు గదిలో పదకొండు మందిమి. అయిదుగురికి ఇదే జబ్బు, అందులో నేనొకదాన్ని. మణికట్టు మడత పడకుండా చెక్క స్కేలు కట్టుకుని పడుకునేవాళ్ళం. ఇద్దరికి తగ్గక కోయించుకున్నారు. ముగ్గురికి ఆ అవసరమే రాలేదు. ముందు డాక్టరు చూసి చెప్పనీ."

సాయంత్రం ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు మణికట్టు మీద వేలితో తట్టి, బొటనవేలి కింద కండ నొక్కి, కొన్ని పరీక్షలు రాసింది. మణికట్టులో నరం నలుగుతోందని, నిద్రలో చెయ్యి ముడుచుకోవడంతో రాత్రిళ్ళు నొప్పి ఎక్కువవుతోందని చెప్పింది. ఆరు వారాలు రాత్రిపూట పట్టీతో చేతిని తిన్నగా ఉంచాలి, గుప్పిటపట్టే పని తగ్గించాలి. కండ తగ్గిపోకుండా ఉంటే ఇప్పుడే కోతకు తొందర లేదు. మందుల షాపులో ఆ కొలత పట్టీ మర్నాటికి గానీ రాదన్నారు.

"మరి ఈ రాత్రికి?" అంది కోడలు.

ఆ రాత్రి అత్తగారు పాత దుప్పటి అంచు చించి, చెక్క స్కేలుకు మెత్తగా గుడ్డ చుట్టింది. మోచేతి కింద నుంచి అరచేతి దాకా ఆనించి, వేళ్ళు కదిలేలా వదులుగా కట్టింది. కోడలు ఎడమచేత్తో సాయం చేయబోతే కసిరింది.

"ఓనరుకు రేపు నువ్వే చెప్పు. దాచావనుకో, నీ అక్షరాలే చెప్పేస్తాయి."

"ఉద్యోగంలోంచి తీసేస్తే?"

"అప్పుడు చూద్దాం. నేనూ వస్తాను." ముడి బిగుసుకోలేదు కదా అని వేలు దూర్చి చూసింది. "డాక్టరు ఆరు వారాలంది. ఆదివారం నేను వెళ్ళిపోతే దీన్ని రోజూ ఎవరు కడతారు? వాడా?"

కోడలు నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మర్నాడు ఆమె కళ్ళు తెరిచేసరికి ఎండ మంచం మీదికి వచ్చేసింది. ఏడు దాటింది. వేళ్ళ చివర తిమ్మిరి ఇంకా ఉంది. కానీ రాత్రి లేచిన గుర్తు లేదు, ఒక్కసారి కూడా. కంగారుగా బయటికొస్తే అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు పడుకోలేదా అత్తయ్యా?"

"నీ అడుగులు వినబడలేదు. ఎందుకో నిద్ర పట్టలేదు." ఆవిడ బల్ల మీద ఏరిపెట్టిన నిన్నటి కప్పు ముక్కను వేలితో పక్కకు నెట్టింది. "నువ్వు లేచిన ప్రతి రాత్రీ నేనూ మేలుకునే ఉన్నాను తెలుసా? గోడకు ఇవతల కళ్ళు తెరుచుకుని, ఈ పిల్ల నన్నే తిట్టుకుంటోందని పడుకున్నాను. ఆ నొప్పి పడినదాన్ని. ఒక్కసారి లేచి, ఏంటమ్మా అని అడిగినదాన్ని కాదు."

కోడలు ఆవిడ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. కట్టు ఉన్న చేతిని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"నేనూ మీ తలుపు కొట్టలేదుగా అత్తయ్యా," అంది.