మృత్యునది దాటించే మట్టికుక్క

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...! నీడలు పాదాల కిందికి ముడుచుకుపోయే వేళ. కొలిమా అగ్నిపర్వతం గర్భంలోంచి గుడగుడమని భీకరఘోష వినిపించింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండుసార్లు...!

చెరకుతోటల వెనక రాతిగుడిసెలో మాంత్రికుడు మసెడోనియో మూడోరోజు క్రతువుకు కూర్చున్నాడు. ఎదుట కపాలం. దాని పక్కన ఎర్రమట్టితో చేసిన బొద్దుకుక్క. రెండువేల ఏళ్ళనాడు ఎవరి శవానికో తోడుగా పాతాళసమాధిలో ఉంచిన కుక్క అది! చనిపోయినవారిని వీపున మోసి మృత్యునది దాటించడమే దాని పని. మసెడోనియో దాన్ని తవ్వితీసి, మెడకు నికనోరా తలవెంట్రుకలు చుట్టాడు.

తనను కాదని ఆమె ఇటుకలు కాల్చే ఫిదెన్సియోను పెళ్ళాడి ఇరవై రోజులైంది. ఆమె ప్రాణాన్ని ఈ కుక్క మోసుకుపోవాలి!

కానీ అది కదలదే! మొదటిరోజు మేకనెత్తురు పోశాడు. నికనోరాకు నాలుగు తుమ్ములొచ్చాయి, అంతే. రెండోరోజు గొంతు పగిలేలా మంత్రాలు చదివాడు. ఆమె రెండు రొట్టెలు ఎక్కువ తింది!

"మట్టిముద్దా! కూర్చుని కూర్చుని బలిశావు! నీకంటే నా పెరట్లో పంది నయం, పిలిస్తే పలుకుతుంది!" మసెడోనియో జుట్టు పీక్కున్నాడు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. తన వేలు కోసి, మొక్కజొన్న పిండిముద్దలో నెత్తురు కలిపాడు. మట్టినోటికి స్వయంగా చేత్తో అందించాడు. "తిను... తిని దాన్ని తీసుకుపో!"

చప్... చప్...! ముద్ద మాయమైంది! మట్టికళ్ళలో నిప్పుకణికలు రగిలాయి. మెడకు చుట్టిన వెంట్రుకలు బిగుసుకున్నాయి!

అదే క్షణంలో, ఇటుకబట్టీ పక్కనున్న ఇంట్లో నికనోరా కెవ్వున అరిచింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. చేతులు నేలకానించి, కుక్కలా రొప్పుతూ, చెరకుతోటలవైపు పరుగందుకుంది!

"నికా! ఆగవే! ఏం పట్టిందే నీకు!"

ఫిదెన్సియో వెంటపడ్డాడు. నడుము పట్టుకుంటే విదిలించింది. శిలువ చూపిస్తే ఉమ్మింది. చర్చినుంచి తెచ్చిన పవిత్రజలం చల్లితే నాకేసింది!

"ఏదీ పనిచెయ్యదేంటి దేవుడా! ఇంకేం చెయ్యను!" అంటూ ఆమె వెనకే పరుగెత్తాడు.

మాంత్రికుడి గడప మీద ఆమె కుప్పకూలింది. ఊపిరి సన్నగిల్లుతోంది...

"వచ్చావా ఇటుకలోడా! పెళ్ళాన్ని కడసారి చూసుకో!" మసెడోనియో వికటాట్టహాసం చేశాడు.

ఫిదెన్సియో చూపు మట్టికుక్క మూతి మీద ఆగిపోయింది. అక్కడ పిండి అంటుకుని ఉంది.

"దానికి తిండి పెట్టావా?"

"పెట్టాను. నా చేత్తోనే! నా నెత్తురు కలిపి మరీ!"

"పిచ్చోడా! మా అమ్మమ్మ తను పస్తున్నా సరే, రోజూ కుక్కకి చేత్తో పెట్టేది. ఎందుకనుకున్నావ్? తిండి పెట్టిన చేతినే అది ఆ నది దాటిస్తుంది. పరాయివాళ్ళకేసి కన్నెత్తి చూడదు!"

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది.

కుక్క మెడలోని వెంట్రుకలు భగ్గున కాలిపోయాయి. అది నికనోరాకేసి చూడకుండా, తోక ఊపుతూ... ఎంతో ప్రేమగా... మసెడోనియో దగ్గరికి వచ్చింది! అతని చెయ్యి నాకింది. నాకినచోట చర్మం శవంలా చల్లబడింది!

"ఛీ! పో! నన్ను కాదు, దాన్ని! దాన్ని పట్టుకో!"

కపాలమెత్తి కుక్క నెత్తిన బాదాడు. కపాలమే పొడిపొడిగా రాలింది! అతని కాళ్ళ కింద నేల నల్లని జలమై సుళ్ళు తిరిగింది. కుక్క అతని మణికట్టును పంటితో సున్నితంగా పట్టుకుంది.

"నేనింకా చావలేదే! ఒసేయ్ కుక్కా... నేనింకా చావలేదే...!"

నల్లని నీరు అతని తల మీదుగా మూసుకుంది. గడప దగ్గర ఇద్దరే మిగిలారు. గచ్చు మీద చల్లని మట్టిబొమ్మ!

నికనోరా మెల్లగా కళ్ళు తెరిచింది. "ఫిదే... నా చెప్పులేవి? అబ్బా, మోకాళ్ళు మంట! ఎందుకలా ఏడుస్తున్నావ్, మీసాలు చూడు ఎలా తడిసిపోయాయో!"

అతను ఏడుస్తూనే నవ్వాడు.

పొద్దు వాలకముందే ఇద్దరూ మాంత్రికుడు తవ్వి వదిలేసిన సమాధిలోకి ఆ కుక్కను తాడుతో దించి, మట్టి పోశారు. ఆఖరి గంప పోస్తుండగా అడుగునుంచి నీళ్ళ చప్పుడు... కుక్క సంతోషంగా రొప్పడం... మనిషి ఆర్తనాదం... దూరంగా... ఇంకా దూరంగా...

నికనోరా మట్టి అంటిన చేత్తో భర్త చేయి పట్టుకుంది. అది వెచ్చగా ఉంది.