నాడి దొరకలేదు

"ఇంకొక్కసారి మీ మిషన్ అబద్ధం చెప్పిందంటే మొత్తం పీకి మీ చేతిలో పెడతాను ఇంజనీరు గారూ. తాతయ్యని తీసుకుని మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళిపోతా. అక్కడే ఉద్యోగం చూసుకుంటా."

ఇలా అన్న అమ్మాయి ఫిజియోథెరపిస్టు. పడ్డవాళ్ళను నడిపించడం ఆమె పని. నిలబడ్డవాణ్ణి కూలదొయ్యడం సరదా అనుకుంటాను.

నా పనీ చెప్తాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇంట్లో నేలకీ, తలుపుకీ, మంచానికీ సెన్సర్లు పెడతాం. చేతికి నాడీ, కుదుపూ చూసే బ్యాండు కడతాం. అవన్నీ చెప్పింది కలిపి చూసి, మనిషి నడుస్తున్నాడా, పడుకున్నాడా, పడిపోయాడా అన్నది మా సిస్టమ్ తేల్చి ఫోన్‌లో చెప్తుంది. ఆ ధైర్యంతోనే ఆమె తాతయ్యని ఇంట్లో వదిలి క్లినిక్‌కి వెళ్తుంది. ఇప్పటికే రెండుసార్లు అది ఉత్తపుణ్యానికి ఆమెను పరుగెత్తించింది.

తాతయ్య ఇల్లు కదలనంటాడు. ఆమె ఊరు కదిలితే నా గతేమిటన్నది నేను ఎవరితోనూ అనలేదు.

ఆ మధ్యాహ్నం వాన దంచేస్తోంది. నా ఫోన్ మోగింది. 'పడిపోయారు. నాడి దొరకడం లేదు.'

ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె గేటు దగ్గర ఆటో దిగుతోంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. "తాతయ్య ఫోన్ ఎత్తట్లేదు" అంది. లిఫ్టు ఎప్పటిలాగే పాడై ఉంది. మెట్లెక్కాం.

సగంలో నేను ఆగిపోయాను.

"ఆగారేంటండీ?"

"బ్యాండేమో నాడి లేదంటోంది. నేల సెన్సరేమో ఇంట్లో అడుగులు పడుతున్నాయంటోంది."

"ఎవరైనా లోపలికొచ్చారేమో."

"పొద్దున మీరు వెళ్ళాక తలుపు తెరుచుకోలేదు."

ఆమె నా ఫోన్ లాక్కుంది. తెర మీద గీతలు లేచి పడుతున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా..." అంది. "కుడి మోకాలి మీద బరువు వెయ్యద్దని చెప్పింది నేనే. ఇది మా తాతయ్య నడక."

గోడకి జారగిలబడి ఏడ్చేసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తలుపు తీస్తే, తాతయ్య భుజాన తడి లుంగీ వేసుకుని నిలబడ్డాడు. "ఏంటే బుజ్జీ, ఈ వానలో?"

"నీ బ్యాండేది?"

"దురద పెడుతుంటే తీసి చొక్కా జేబులో వేశా. చొక్కా..."

ముగ్గురం వాషింగ్ మెషిన్ వైపు చూశాం. ఆ మోతలోనే ఆయనకి ఫోన్ వినపడలేదు. బ్యాండు లోపల గిరగిరా తిరిగి, దభీమని కొట్టుకుని, చల్లబడిపోయింది. మిగతావి ఏం చెప్పినా బ్యాండు మాటే నమ్మేలా సిస్టమ్ రాసింది ఎవరో కాదు, నేనే.

స్క్రూడ్రైవర్ తీసి తలుపు సెన్సర్ ఊడదీయబోయాను.

"ఏం చేస్తున్నారు?"

"మూడోసారి కదా. కానీ మీ పిన్ని వాళ్ళ ఊరు మాత్రం వెళ్ళకండి."

"ఎందుకు?"

"తాతయ్యకి కష్టం."

"తాతయ్య సంగతి సరే."

"నాకు కష్టం. మీరంటే నాకు ఇష్టం."

ఆమె నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

"ఎప్పుడు అలారం మోగినా ఆ మెట్లు నేనొక్కదాన్నే ఎక్కేదాన్ని. ఇవాళ పక్కన మీరున్నారు. ఇక ఒక్కదాన్నే ఎక్కడం నావల్ల కాదు."

"హమ్మయ్య" అన్నాడు తాతయ్య. "మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నన్ను బట్టలారేసుకోనివ్వండి."