మూల కుర్చీలో మాస్టారి తిట్లు

మా వీధి చివరి కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌లో మూల కుర్చీకి చెడ్డపేరు. అక్కడ పాఠాలు చెప్పిన మాస్టారు ఆ కుర్చీలోనే పోయారు. పోయినా తిట్టడం మానలేదని అక్కడ చదివేవాళ్ళంతా ఒట్టేసి చెప్తారు. నేను నమ్మను. నమ్మమని ఎవరు చెప్పినా వినను. అయినా బ్యాంకు గుమాస్తా అమ్మాయి నాతో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

వాళ్ళ బ్యాంకులో గదంత పాత కంప్యూటరుంది — మెయిన్‌ఫ్రేమ్. దానికి నేరుగా ఆజ్ఞలిచ్చే అసెంబ్లీ భాషలో ఆమెకి పరీక్ష పెట్టారు. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. నేర్చుకునేవాళ్ళ చేతికి అంత యంత్రాన్ని ఎవరిస్తారు? అందుకే మాస్టారు ఓ సిమ్యులేటర్ తయారుచేశారు. మామూలు కంప్యూటర్‌లో కూర్చుని అచ్చం ఆ పెద్దదానిలా నటిస్తుంది. అది ఉన్నది మూల కుర్చీ ముందే.

మిగతావాళ్ళు పగలు, గుంపుగా వెళ్తారు. ఈ పిల్లకు డ్యూటీ దిగాకే తీరిక. పరీక్ష ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఒక్కతే కూర్చుంది.

ప్రోగ్రాం నడిపింది. మధ్యలో ఆగిపోయింది. తెర నల్లబడింది... ఒక్కో అక్షరం మెల్లగా పడింది —

"మళ్ళీ అదే తప్పా, మొద్దూ?"

వెనక్కి చూసింది... ఎవరూ లేరు. మళ్ళీ నడిపింది.

"తిరిగొచ్చే దారి దాచుకోకుండా బయల్దేరావా?"

ఇక లాభం లేదని మాస్టారి భార్యకు ఫోన్ చేసింది. సెంటరు ఇప్పుడు నడిపేది ఆవిడే.

"అమ్మగారూ... మాస్టారు... తిరిగొచ్చే దారి దాచుకోలేదని తిడుతున్నారు..."

ఆవిడ పడీపడీ నవ్వింది. "పిచ్చిపిల్లా! ఒక్కో తప్పుకి ఒక్కో తిట్టు ఆయనే పెట్టి పోయాడు. మొత్తం నలభై. టైపు కొట్టింది నేనేగా!"

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "ఒక్క మెచ్చుకోలైనా పెట్టలేదా?"

"ఆ మనిషా? ముప్పై ఏళ్ళు నా వంట తిన్నాడు, ఒక్కనాడు బాగుందనలేదు. ముందా దారి సంగతి చూడు."

తిట్టులోనే మందుంది. పని ముగిశాక ప్రోగ్రాం ఎక్కడికి తిరిగెళ్ళాలో పద్నాలుగో రిజిస్టర్‌లో, అంటే యంత్రం లోపలి ఓ చిన్న అరలో ఉంటుంది. దాన్ని మొదట్లోనే భద్రం చేయాలి. ఈ పిల్ల మరిచిపోయింది. ఫోన్ పెట్టకుండానే ఆ ఒక్క వరుస చేర్చి నడిపింది.

నడిచింది! జవాబు సరిగ్గా వచ్చింది. ఉద్యోగం నిలబడ్డట్టే.

జవాబు కింద ఇంకో వరుస... ఒక్కో అక్షరం...

"అమ్మగారూ, మీ మాట ఓడిపోయింది! మాస్టారు 'శభాష్ తల్లీ' అన్నారు."

ఫోన్లో నవ్వు ఆగిపోయింది.

"అమ్మాయ్..." ఆవిడ గొంతు గుసగుసకి దిగింది. "బ్యాగు అక్కడే వదిలెయ్... బయటికొచ్చెయ్. అది మా ఆయన కాదు."